లెక్కకు రాని రక్తం

పిహెచ్.డి. పట్టా చేతికొచ్చిన రెండేళ్ళకి, నా ముప్ఫై రెండో ఏట, ఒక రక్తవ్యాధుల డాక్టరు నా చేతిలో ఒక కాగితం పెట్టింది. అందులో చదవటానికి పెద్దగా ఏమీ లేదు. మూడు ప్యాడ్ల బొమ్మలు. ఒకదాని మీద చిన్న మరక, ఇంకోదాని మీద సగం దాకా, మూడోది పూర్తిగా తడిసినది. ఎదురుగా రోజుల గళ్ళు. చిన్న మరకకి 1 మార్కు, మధ్యరకానికి 5, నిండా తడిసినదానికి 20. గడ్డలు పడితే వాటికి వేరే మార్కులు. మొత్తం కూడితే 100 దాటకూడదు. నాకు 340 వచ్చింది.

"ఏ పరీక్షలోనూ ఇన్ని మార్కులు రాలేదు మేడమ్" అని నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. "ఇన్నేళ్ళలో ఎంత పోతోందని ఎవరూ అడగలేదామ్మా?" అంది.

అడగలేదు. ఎన్నో రోజు అని అడిగారు. స్నానం అయిందా అని అడిగారు. పూజకి పనికొస్తానా అని అడిగారు. పెళ్ళయిందా, పిల్లలెందుకు లేరు అని అడిగారు. ఎంత అని మాత్రం ఎవరూ అడగలేదు. అమ్మ అడగలేదు, హాస్టల్లో స్నేహితురాళ్ళు అడగలేదు, ఐరన్ మాత్రలు రాసిన నలుగురు డాక్టర్లూ అడగలేదు. నిజం చెప్పాలంటే స్త్రీ శరీరం మీద మూడు వందల పేజీల థీసిస్ రాసిన నేను కూడా నన్ను అడగలేదు.

ఆ తర్వాత చేసిన పరీక్షల్లో తేలిందేమిటంటే నాది వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి. గాయమైన చోట ప్లేట్‌లెట్లు అంటుకుని రక్తం ఆగటానికి ఒక ప్రోటీన్ కావాలి. అది నాకు పుట్టుకతోనే తక్కువ. వారసత్వంగా వచ్చే రక్తస్రావ వ్యాధుల్లో అన్నిటికంటే ఎక్కువమందిలో కనిపించేది ఇదే. ఆడా మగా ఇద్దరికీ సమానంగా వస్తుంది. కానీ నెలనెలా రక్తం పోయేదీ, కాన్పుల్లో పోయేదీ ఆడవాళ్ళకే కాబట్టి బాధ సమానం కాదు. అప్పటికి నా హిమోగ్లోబిన్ 7.2. శరీరంలో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ 4. అది 15 కంటే తక్కువైతే ఇనుము లోపించినట్టేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది.

ఈ వ్యాసం నా జబ్బు గురించి చెప్పుకోవటానికి కాదు. నేను చదివిన సాహిత్యంలో, నేను రాసిన విమర్శలో "ఎంత" అన్న ప్రశ్న ఎందుకు లేకపోయిందో వెతుక్కోవటానికి.

*

బహిష్టు రక్తాన్ని మన సాహిత్యం రెండు రకాలుగా చదివింది. మొదటిది మనందరికీ తెలిసిందే. భాగవతం ఆరో స్కంధంలో విశ్వరూపుణ్ణి చంపిన ఇంద్రుడు తన బ్రహ్మహత్యా పాపాన్ని నాలుగు వాటాలు వేసి భూమికీ, నీళ్ళకీ, చెట్లకీ, స్త్రీలకీ పంచుతాడు. మన వాటా నెలనెలా రజస్సుగా కనిపిస్తుందట. మగవాడు చేసిన హత్యకి ఆడదాని ఒంట్లోంచి రక్తం కారటమనే ఈ కథ మీద స్త్రీవాదులు చెప్పవలసింది చెప్పేశారు. మళ్ళీ నేను చెప్పనక్కరలేదు.

రెండోది మన చదువు. ఎనభైలలో, తొంభైలలో వచ్చిన స్త్రీవాద కవిత్వం బహిష్టునీ, పురుటి నొప్పినీ, అబార్షన్‌నీ కవితా వస్తువులుగా చేసింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన 'నీలిమేఘాలు' ఆ గొంతులన్నిటినీ ఒకచోట చేర్చింది. నీలి కవిత్వమని ఎగతాళి చేసినవాళ్ళకి ఆ తరం ఇచ్చిన జవాబు ఒకటే: ఇది మైల కాదు, సహజం. ఈ రక్తం లేకపోతే మీరెవ్వరూ లేరు.

ఆ జవాబు నన్ను బతికించింది. పదిహేడేళ్ళ వయసులో ఆ కవితలు చదివాకే మూల గదిలో చాప మీద కూర్చోనని ఇంట్లో ఎదురు తిరిగాను. అందుకే ఈ మాట అనటానికి ఇబ్బందిగా ఉంది, కానీ అనాలి. "సహజం" అన్న మాట నా నోరు కూడా మూయించింది. తొమ్మిది రోజులు రక్తం పోతున్నా, రాత్రి మూడుసార్లు లేచి బట్టలు మార్చుకుంటున్నా, లైబ్రరీ మెట్లు ఆగకుండా ఎక్కలేకపోతున్నా నేను అది జబ్బేమోనని అనుకోలేదు. అనుకుంటే బలహీనురాలినని ఒప్పుకున్నట్టు, బహిష్టు ఆడదాన్ని పనికిరాకుండా చేస్తుందనే వాళ్ళ పక్షం చేరినట్టు అనిపించేది. అమ్మ "ఆడపుట్టుక పుట్టాక తప్పదు" అనేది. నేను "ఇది ప్రకృతి సహజం" అనేదాన్ని. ఇద్దరం రెండు భాషల్లో ఒకటే చెప్పుకున్నామని ఇప్పుడు తెలుస్తోంది: భరించు.

మైల అన్నవాళ్ళూ, సహజం అన్నవాళ్ళూ రక్తానికి అర్థం చెప్పారు. కొలత చెప్పలేదు. మైలకి చుక్కయినా ఒకటే, చెంబెడయినా ఒకటే. దురదృష్టవశాత్తూ సహజానికి కూడా అంతే.

ఆ కవయిత్రులు తప్పు చేశారని నేననటం లేదు. ఆ రోజున ఆ పోరాటానికి ఆ మాటే కావాలి. పైగా స్త్రీల ఉద్యమం ఇంకో దారి కూడా వేసింది. అన్వేషి 1991లో తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' స్త్రీల ఆరోగ్య సమస్యల మీద తెలుగులో వచ్చిన పుస్తకం. నేను సాహిత్య విద్యార్థిని కాబట్టి కవిత్వాన్ని ముందు బీరువాలో పెట్టుకున్నాను, ఆ పుస్తకాన్ని ఆరోగ్యం అరలో వదిలేశాను. ఆ రెండు అరల మధ్య గోడ కట్టింది కవయిత్రులు కాదు, నాలాంటి విమర్శకులు.

*

ఇనుము తగ్గిన స్త్రీ మన కావ్యాల్లో లేదా? ఉంది. కావలసినంత ఉంది. ప్రబంధ నాయిక విరహంతో పాలిపోతుంది, చిక్కిపోతుంది, నిద్ర పట్టదు, అన్నం సయించదు, నాలుగడుగులు వెయ్యలేక చెలికత్తె భుజం మీద వాలిపోతుంది. చెలులు చందనం పూస్తారు, తామరాకుల మీద పడుకోబెడతారు. నా కేసు షీటులోని లక్షణాలు చాలావరకు అక్కడున్నాయి. కారణం మాత్రం మగవాడు.

విచిత్రమేమిటంటే అదే సంస్కృతిలో వైద్యులకి ఈ పాలిపోవటం జబ్బని తెలుసు. చరక సంహితలో పాండురోగానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. లోహంతో చేసిన మందులున్నాయి. వైద్యుడు ఇనుము ఇచ్చాడు, కవి చందనం పూశాడు. మనం కవినే చదువుకున్నాం.

యూరప్ కూడా ఏం తక్కువ తినలేదు. 1554లో యోహానెస్ లాంగె అనే జర్మన్ వైద్యుడు, పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడే ఒక పెళ్ళికాని అమ్మాయి గురించి ఆమె తండ్రికి ఉత్తరం రాస్తూ దాన్ని కన్యల వ్యాధి అన్నాడు. పెళ్ళి చేస్తే పోతుందన్నాడు. మా ఇంటికొచ్చిన పెద్దవాళ్ళెవరూ లాంగెని చదవలేదు, అయినా అదే చెప్పారు. పెళ్ళయితే సర్దుకుంటుందన్నారు. పెళ్ళయ్యాక, ఓ కాన్పయితే సర్దుకుంటుందన్నారు. నాలాంటి రక్తం ఉన్న మనిషికి కాన్పు ఎంత ప్రమాదమో వాళ్ళకి తెలియదు.

చిన్నప్పుడు నేను బలపాలు తినేదాన్ని. డబ్బాలో పచ్చి బియ్యం గుప్పిళ్ళతో బొక్కేదాన్ని. "బియ్యం తింటే నీ పెళ్ళిలో వాన పడుతుందే" అని అమ్మమ్మ చేతి మీద కొట్టేది. ఇనుము తగ్గినవాళ్ళకి మట్టి, సుద్ద, పచ్చి బియ్యం, ఐసుముక్కలు తినాలనిపిస్తుందని వైద్యం చెబుతుంది. శరీరం ఒక మాట చెబితే ఇల్లు దాన్ని సామెతగా మార్చి పక్కన పెట్టింది. ఆ సామెతలో కూడా పెళ్ళే ఉంది చూడండి.

*

1926 జనవరిలో వర్జీనియా వుల్ఫ్ జబ్బుపడటం గురించి ఒక వ్యాసం ప్రచురించింది. ప్రేమకీ, యుద్ధానికీ, అసూయకీ సాహిత్యంలో దొరికిన స్థానం జబ్బుకి ఎందుకు దొరకలేదని ఆమె ప్రశ్న. అదే సంవత్సరం ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ ఒక వైద్య పత్రికలో ఇంకో వ్యాసం ప్రచురించాడు. ఈ రెండూ ఒకే ఏడాదివని తెలిసినప్పటి నుంచీ వాటిని పక్కపక్కన పెట్టుకునే చదువుతున్నాను.

ఆ రెండో వ్యాసంలో ఒక పాప ఉంది. పేరు హ్యోర్డిస్. బాల్టిక్ సముద్రంలోని ఆలాండ్ దీవుల నుంచి 1924లో, ఐదేళ్ళ వయసులో, ఆ డాక్టరు దగ్గరికి తీసుకొచ్చారు. ఆమె అక్కచెల్లెళ్ళలో కొందరు అప్పటికే రక్తస్రావంతో చనిపోయారు. డాక్టరు ఆ కుటుంబ వృక్షం గీశాడు. అంతవరకూ ఇలాంటి జబ్బంటే హీమోఫీలియా, హీమోఫీలియా అంటే మగవాళ్ళ జబ్బు. ఇక్కడ ఆడవాళ్ళు కూడా రక్తం కారి చనిపోతున్నారు. అందుకని ఆయన ఆ జబ్బుకి పెట్టిన పేరు "వంశపారంపర్య మిథ్యా హీమోఫీలియా".

ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. ఇది ఆ జబ్బు కాదు, వేరేదని చెప్పటమే. ఆడవాళ్ళు చెప్పింది విని, రాసిపెట్టుకున్నవాడు కూడా ఆయనే. కానీ పేరు పేరే. మగవాడి రక్తస్రావం అసలు, ఆడదానిది నకలు. హ్యోర్డిస్ పదమూడేళ్ళ వయసులో, తన నాలుగో బహిష్టులో రక్తం ఆగక చనిపోయింది. ఆ మరణంలో మిథ్య ఏమీ లేదు.

ఈ పేర్ల రాజకీయం అక్కడితో ఆగలేదు. హీమోఫీలియా కుటుంబాల్లో స్త్రీలని "వాహకులు" అంటారు. ఇంటర్ జువాలజీలో మనమూ అలాగే చదువుకున్నాం. కొడుక్కి జబ్బు, తల్లి దాన్ని మోసుకొచ్చే గంప. ఆ గంపకి కూడా రక్తం పోతుందని, ఆ తల్లుల్లో చాలామందికి గడ్డకట్టే గుణం తక్కువేనని ఒప్పుకుని, అలాంటివాళ్ళని కూడా హీమోఫీలియా ఉన్న స్త్రీలు అని పిలవాలని అంతర్జాతీయ నిపుణులు ప్రతిపాదించింది 2021లో. ఒక మాట మారటానికి ఎన్ని తరాల కాన్పులు గడిచిపోయాయో!

*

చార్టు పట్టుకుని ఇంటికెళ్ళి అమ్మకి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. "ఈ మూడో బొమ్మే నాది, అన్ని రోజులూ" అంది. అమ్మమ్మకీ అంతేనట. పెద్దమ్మకీ అంతేనట. "మనింట్లో ఆడవాళ్ళందరికీ ఇంతే కదా, ఇందులో జబ్బేముంది?" అంది. ఒక ఇంట్లో అందరికీ ఉంటే అది జబ్బు కాకుండా ఆచారం అయిపోతుందన్నమాట.

అమ్మకి ముప్ఫై ఏడేళ్ళప్పుడు గర్భసంచి తీసేశారు. ఎక్కువ బ్లీడింగ్ అవుతోంది, పిల్లలు పుట్టేశారు, ఇంకా ఎందుకన్నారట. ఆపరేషన్లో రక్తం ఆగక రెండ్రోజులు ప్రాణం మీదికొచ్చింది. లోపం రక్తంలో ఉంటే కోసింది గర్భసంచిని. చిన్న వయసులో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లో ఎంత ఎక్కువమందో మనకి తెలుసు. దాని వెనక వ్యాపారం గురించి మనం రాశాం. వాళ్ళలో ఎంతమంది రక్తాన్ని ఎవరైనా పరీక్షించారా అని నేనైతే ఎప్పుడూ రాయలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లో 58.8, తెలంగాణలో 57.6. మగవాళ్ళలో దేశవ్యాప్తంగా 25. వీళ్ళందరికీ నా జబ్బు ఉందని కాదు. ఎక్కువమందికి చాలని తిండి, వరస కాన్పులు, చాకిరీ. కానీ ఈ అంకె వినగానే మన నోట్లోంచి వచ్చేది "తినరు", "ఆకుకూరలు తినాలి", "మాత్రలు వేసుకోరు". తప్పు వంటింట్లోనే వెతుకుతాం. లెక్క వేసి చూడండి. మనిషి రోజుకి తిండి నుంచి ఒంటపట్టించుకోగలిగే ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలోంచి 80 మిల్లీలీటర్ల రక్తం పోతే దాదాపు 40 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. అంతకు రెండింతలు నెలనెలా పోయే మనిషిని గోంగూర ఎంతని నిలబెడుతుంది? చిల్లుకుండలో నీళ్ళు పోస్తూ కుండని తిట్టినట్టుంది.

ఆ 80 మిల్లీలీటర్లే చాలాకాలం "ఎక్కువ"కి హద్దు. 2007లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు ఆ హద్దుని పక్కన పెట్టి, స్త్రీ బతుకుని శారీరకంగా, మానసికంగా, సామాజికంగా కుంగదీసే రక్తస్రావమేదైనా ఎక్కువేనన్నాయి. అంటే కొలపాత్ర ఆమె మాట. సాక్ష్యంగా స్త్రీ అనుభవాన్ని అంగీకరించాలని మనం సాహిత్యంలో వాదిస్తూ వచ్చిందీ అదే. వైద్యం మన దారికొచ్చిన చోట మన విమర్శ లేకపోవటమే నా బాధ.

నేనిప్పుడు ప్రతినెలా మొదటి నాలుగు రోజులు ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటాను. దాన్ని జపాన్‌లో ఉతాకో ఒకామోతో, ఆమె భర్త కలిసి కనిపెట్టి 1962లో ప్రకటించారు. పసిపిల్లని వీపున కట్టుకుని ఆమె ప్రయోగశాలలో పనిచేసింది. కాన్పు తర్వాత రక్తస్రావంతో చనిపోయే తల్లుల కోసం దీన్ని వాడి చూడమంటే అక్కడి ప్రసూతి వైద్యులు ముందుకు రాలేదు. అది తల్లుల ప్రాణాలు కాపాడుతుందని పెద్ద పరీక్షలో రుజువైంది 2017లో, ఆమె పోయిన మరుసటి ఏడు. మనకు తెలియని మన చరిత్రలో ఈ పేరు కూడా చేర్చుకోవాలి.

నాకు సెలైన్లో ఇనుము ఎక్కించారు. ఫెర్రిటిన్ లెక్క నాకుంది, దానికి డబ్బుంది, అడిగే డాక్టరు దొరికింది. నాట్లకి వంగే ఆమెకి ఇవేవీ లేవు. ఆమె కథ మన పత్రికల్లో వస్తే "రక్తం ఓడ్చి పనిచేసింది" అని రాస్తాం. అది అలంకారమా, రోగ నిర్ధారణా అని ఇకనైనా ఒకసారి ఆగి చూద్దాం. కథల్లో నాయిక కళ్ళు తిరిగి పడిపోయినప్పుడు, మెట్ల మీద ఆగినప్పుడు, పురిట్లో పోయినప్పుడు ఎందుకు అనే కాదు, ఎంత అని కూడా అడుగుదాం.

ఈ వేసవిలో మా అక్క కూతురు పెద్దమనిషయింది. పేరంటానికి వద్దన్నా వినలేదు, చేశారు. అమ్మ చిమ్మిలి దంచి పెట్టింది. నేను చార్టు జిరాక్సు తీయించి దాని చేతికిచ్చాను. "ఇదేంటి పిన్నీ, హోంవర్కా?" అంది. అవునన్నాను. పక్కనే కూర్చున్న అమ్మ పెన్సిల్ అందించింది.