డ్యాష్‌బోర్డు వెనక చప్పుడు

కారు స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు లోపలి నుంచి టక్ టక్‌మని చప్పుడు మొదలవుతుంది. కాసేపటికి అదే ఆగిపోతుంది. ఏసీ నాబ్ తిప్పితే మళ్లీ వినిపిస్తుంది. కొన్నాళ్లకు డ్రైవరు వైపు చల్లగాలి, పక్క సీటు వైపు వేడిగాలి వస్తుంది. అమెరికాలో పదేళ్లు దాటిన కార్లు నడిపేవాళ్లకు ఇది బాగా తెలిసిన జబ్బు. చాలాసార్లు దీనికి కారణం గాలి దారులు మార్చే యాక్చువేటర్ అనే చిన్న భాగం. మనం అరచేతిలో పట్టుకోగలిగేంత ప్లాస్టిక్ డబ్బా అది. సొంత కారును ఇంటి ముందే బాగుచేసుకునే అలవాటు ఆ దేశంలో శతాబ్దం నుంచి ఉంది. ఆ అలవాటును డబ్బు మిగుల్చుకునే ఉపాయంగానే చాలామంది లెక్కేస్తారు. డబ్బు మిగిలే మాట నిజమే. దుకాణంలో ఈ భాగం ఖరీదు కొన్ని పదుల డాలర్లు. దాన్ని మార్చడానికి గ్యారేజీ తీసుకునే కూలి తరచు అంతకు కొన్ని రెట్లు ఉంటుంది. కానీ ఈ విద్య విలువ ఆ తేడాలో లేదు. చెడింది ఏదో తేల్చుకోకుండా దేన్నీ మార్చకూడదన్న క్రమశిక్షణను ఇది నేర్పుతుంది. అది నేర్చుకోవడానికి ఈ యాక్చువేటర్‌ను మించిన పాఠం అరుదు.

ముందు లోపల ఏం జరుగుతుందో చూడాలి. డ్యాష్‌బోర్డు వెనక ఒక పెద్ద ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. బ్లోవర్ నెట్టిన గాలి ముందుగా ఏసీ చల్లబరిచే ఎవాపరేటర్ గుండా వెళుతుంది. తర్వాత ఒక రెక్క దాన్ని చీలుస్తుంది. ఇంజిన్ నుంచి వచ్చే వేడి కూలెంట్ తిరిగే హీటర్ కోర్ గుండా ఎంత గాలి పోవాలో, పక్కనుంచి ఎంత పోవాలో ఆ రెక్కే నిర్ణయిస్తుంది. ఇదే బ్లెండ్ డోర్. గాలి ముఖానికి రావాలా, కాళ్లకా, అద్దానికా అని తేల్చే రెక్క ఇంకొకటి. బయటిగాలికీ లోపలిగాలికీ మధ్య మారే రెక్క మరొకటి. ఒకప్పుడు వీటిని తీగతో లాగేవారు, తర్వాత ఇంజిన్ వ్యాక్యూమ్‌తో కదిలించారు. ఇప్పుడు ఒక్కో రెక్కకూ ఒక చిన్న మోటారు, దాని వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచే ప్లాస్టిక్ పళ్లచక్రాలు ఉంటున్నాయి. ఇవి ఇమిడిన డబ్బానే యాక్చువేటర్. రెక్క ఎక్కడుందో కొన్ని కార్లలో 5 వోల్టుల మీద పనిచేసే ఒక సెన్సర్ కంప్యూటర్‌కు చెబుతుంది. మరికొన్నింటిలో మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో కంప్యూటరే లెక్కపెట్టుకుంటుంది. చక్రానికి ఒక పన్ను విరిగితే మోటారు తిరుగుతుంది, రెక్క కదలదు. రెక్క తన స్థానానికి చేరలేదు కాబట్టి కంప్యూటర్ మళ్లీ మళ్లీ తిప్పిస్తుంది. మనకు వినబడేది, విరిగిన చోట చక్రాలు ఒకదాని మీంచి ఒకటి జారే చప్పుడు.

ఇది తెలిసినంత మాత్రాన కొత్త భాగం కొనకూడదు. నేర్పు గలవాళ్లు ఇక్కడే ఆగి ప్రశ్నలు వేసుకుంటారు. రెండు వైపులా వేడి రాకపోతే అనుమానం ముందు కూలెంట్ మీదికి, తెరుచుకుని ఉండిపోయిన థర్మోస్టాట్ మీదికి పోవాలి. ఒక్క వైపే చల్లగా ఉన్నా తప్పు యాక్చువేటర్‌దేనని చెప్పలేం. హీటర్ కోర్ సగం పూడుకుపోయినా అలాగే జరుగుతుంది. అందుకే ఇంజిన్ వేడెక్కాక హీటర్‌కు వెళ్లే రెండు గొట్టాలనూ జాగ్రత్తగా తాకి చూస్తారు. ఒకటి బాగా వేడిగా, రెండోది గోరువెచ్చగా ఉంటే తగాదా డ్యాష్‌బోర్డు లోపలి మోటారుతో కాదు. రెండు గొట్టాలూ వేడిగానే ఉన్నాయనుకుందాం. అప్పుడు ఒకరు నాబ్ తిప్పుతుంటే ఇంకొకరు కిందికి వంగి, చప్పుడు చేసే డబ్బా మీద వేలు ఆనిస్తారు. పన్ను జారిన ప్రతిసారీ ఆ అదురు వేలికి తెలుస్తుంది. చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లతోనే ఆగిపోతాయి, ఏసీ విభాగం లోపాలు వాటిలో కనబడవు. అలాంటి చోట ఈ వేలే ఎక్కువ నమ్మదగిన పరికరం.

తర్వాతిది అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష, తొందరలో చాలామంది వదిలేసేది కూడా. యాక్చువేటర్‌ను విప్పాక, అది పట్టుకుని ఉన్న రెక్క ఇరుసును చేత్తో నెమ్మదిగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూడాలి. అది తేలిగ్గా తిరిగి రెండు చివర్లా గట్టిగా ఆగితే రెక్క బాగున్నట్టు. ఎక్కడైనా బిగుసుకుంటే, ఆ బిగుతే పాత చక్రం పన్ను విరగ్గొట్టి ఉండొచ్చు. కొత్తదాన్ని బిగిస్తే అదీ కొన్ని నెలల్లో విరుగుతుంది. ఆగకుండా గిరగిరా తిరిగితే విరిగింది రెక్కే. 1999 నుంచి 2004 దాకా వచ్చిన జీప్ గ్రాండ్ చెరోకీలకు ఈ జబ్బు పేరుమోసింది. అక్కడ యాక్చువేటర్ ఎన్నిసార్లు మార్చినా గాలి మారదు. కొన్ని కార్లలో కుడి ఎడమలకు ఒకే రకం యాక్చువేటర్ ఉంటుంది. వాటిని అటూ ఇటూ మార్చి, జబ్బు భాగంతోపాటు వెళుతుందా, ఉన్నచోటే ఉంటుందా అని చూస్తారు. పైసా ఖర్చు లేకుండా ఇంత స్పష్టంగా జవాబిచ్చే పరీక్ష మరొకటి లేదు.

మార్చే పని దీనితో పోలిస్తే చిన్నది. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగాలి. పసుపురంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి, వాటిని ముట్టుకోకూడదు. గ్లవ్ బాక్స్ పక్కలను లోపలికి నొక్కి కిందికి వాలిస్తే చాలా కార్లలో పక్క సీటు వైపు యాక్చువేటర్ కనిపిస్తుంది. షెవర్లే, జీఎంసీ ట్రక్కుల్లో దీని స్క్రూలు 5.5 మిల్లీమీటర్ల తలతో ఉంటాయి. పొట్టి రాట్చెట్, అయస్కాంతం ఉన్న సాకెట్ లేకపోతే స్క్రూ కార్పెట్ సందులోకి జారిపోతుంది. విప్పేముందు ఫోటో తీసుకోవాలి. కొత్తదాని గాడి రెక్క ఇరుసుతో కలవకపోతే బలవంతంగా నొక్కకూడదు, ఇరుసునే కొంచెం తిప్పి కలపాలి. స్క్రూలు ప్లాస్టిక్‌లోకి దిగుతాయి కాబట్టి పట్టు తగలగానే ఆపాలి. చివరగా క్యాలిబ్రేషన్. చాలా మోడళ్లలో ఏసీ ఫ్యూజును కాసేపు తీసి పెట్టి, కారు ఆన్ చేసి, కొద్ది నిమిషాలు ఏ బటన్నూ తాకకుండా వదిలేస్తే చాలు. కంప్యూటర్ రెక్కలన్నిటినీ చివరిదాకా తిప్పి, వాటి హద్దులు నేర్చుకుంటుంది. ఈ కొద్ది నిమిషాల ఓపిక లేక, బాగున్న కొత్త భాగాన్ని చెడిందని తిరిగి ఇచ్చేసేవాళ్లున్నారు.

ఈ విద్య గాలిలోంచి పుట్టలేదు. 1908 నుంచి 1927 దాకా దాదాపు ఒకటిన్నర కోట్ల ఫోర్డ్ మోడల్ టీ కార్లు తయారయ్యాయి. గ్యారేజీలు దూరంగా ఉన్న పల్లెల్లో రైతులే వాటిని విప్పి బిగించుకున్నారు. బ్రిటన్‌లో జాన్ హేన్స్ 1966లో ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారు కోసం తొలి వర్క్‌షాప్ మాన్యువల్ తెచ్చాడు. కారును పూర్తిగా విప్పి, మళ్లీ బిగిస్తూ ఫోటోలు తీసి రాసే పద్ధతి ఆ పుస్తకాలది. అందుకే కొత్తవాళ్లు కూడా వాటిని నమ్మగలిగారు. అమెరికాలో స్పేర్‌పార్ట్స్ దుకాణాలు కొన్ని డిపాజిట్ కట్టించుకుని అరుదైన పనిముట్లను అరువిస్తాయి. చట్టం కూడా తోడు నిలిచింది. మీరే మరమ్మతు చేశారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయడాన్ని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఒప్పుకోదు. వారంటీ పోతుందన్న భయానికి జవాబు అక్కడే ఉంది. అయితే కారు ఇంకా వారంటీలో ఉంటే దీన్ని ఉచితంగా వాళ్లచేతే చేయించుకోవడం తెలివైన పని.

దీనికన్నా బరువైన ఆక్షేపణ సమయం గురించి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలుగువారు, గంటకు తాము సంపాదించేదానితో పోలిస్తే ఇది గిట్టుబాటు కాదంటారు. ఒక్క మరమ్మతు వరకే లెక్కేస్తే ఒప్పుకోవచ్చు. కానీ బ్లెండ్ డోర్ ఏమిటో తెలిసిన మనిషి గ్యారేజీలో నిలబడి అడిగే ప్రశ్నే వేరు. "రెక్క చేత్తో తిప్పి చూశారా?" అని అడగగలిగినవారికి అనవసరమైన భాగాల బిల్లు అంత తేలిగ్గా రాదు. ఆ గంట అలా ఏళ్ల తరబడి పనికొస్తుంది. ఇక మన దగ్గర, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల, ఈ విద్య యజమానుల చేతుల్లో కాక మేస్త్రీల చేతుల్లో పెరిగింది. అక్కడ కూలి తక్కువ, పనితనం ఎక్కువ. యజమాని తానే చేసుకుంటే మేస్త్రీ పొట్ట కొట్టినట్టవుతుందన్న బాధ న్యాయమైనదే. అయితే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాల్సిన పని, ఏసీ గ్యాస్ పని ఎప్పటికీ వాళ్లవే, వాళ్లకే వదలాలి. గ్లవ్ బాక్స్ వెనక మూడు స్క్రూల పని వాళ్ల జీవనాధారం కాదు. జబ్బు సరిగ్గా వర్ణించి చెప్పే యజమాని మంచి మేస్త్రీకి సాయమే అవుతాడు.

ఇద్దరికీ ఉన్న అసలు ముప్పు ఒకటే. కొత్త మోడళ్లు కొన్నింటిలో ఈ చిన్న మోటారు బిగించాక హద్దులు నేర్పడానికీ డీలరు స్థాయి స్కాన్ పరికరం కావాలి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో మరమ్మతు సమాచారం అందరికీ ఇవ్వాలన్న ప్రతిపాదనకు, దానిపై ఓటేసినవారిలో 85 శాతానికి పైగా అవునన్నారు. 2014లో కార్ల కంపెనీలు దేశమంతటా దాన్ని పాటిస్తామని ఒప్పందం చేసుకున్నాయి. కార్లు తీగ లేకుండా పంపే సమాచారానికీ ఆ హక్కును చాటుతూ 2020లో మళ్లీ ఓటేస్తే, ఆ చట్టం కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో తెరిచిన మరమ్మతు హక్కు పోర్టల్‌లో ఆటోమొబైల్ రంగమూ ఉంది. వాహనాల కంపెనీలను అక్కడ మనం గట్టిగా అడగాల్సింది చాలా చిన్న కోరిక. యజమానికిచ్చే పుస్తకంలో ఫ్యూజుల పటం ఇప్పటికే ఉంటోంది. ఏసీ రెక్కలకు హద్దులు నేర్పే పద్ధతి దాని పక్కన ఒక పేజీలో పడుతుంది.