చెమట పట్టని యంత్రం

విశాఖలో ఏప్రిల్ వచ్చిందంటే ఇంట్లో బిట్‌కాయిన్ యంత్రం నడిపేవాడికి రెండు బిల్లులు వస్తాయి. ఒకటి ఈపీడీసీఎల్ వాళ్ళది, రెండోది ఇంట్లోవాళ్ళది. మొదటిదానికైతే గడువు తేదీ ఉంటుంది.

మా ఇంట్లో ఉన్నది యాంట్‌మైనర్ ఎస్9. బిట్‌మైన్ కంపెనీ 2016లో దీన్ని తెచ్చినప్పుడు దీనికి ఎదురులేదు. ఇప్పుడు దీని పక్కన కొత్తవాటిని పెడితే, అదే కరెంటుకి ఐదారు రెట్ల పని చేస్తున్నాయి. మా మేనల్లుడు గాజువాకలో ఉన్న రోజుల్లో ఎవరి దగ్గరో కొన్నాడు. హైదరాబాదులో ఉద్యోగం రాగానే మా కూర్మన్నపాలెం ఇంట్లో, మేడ మీద గదిలో దించేసి, "మావయ్యా, నీకు కరెంటు సంగతులు తెలుసుగా, కాస్త చూస్తుండు" అని చక్కా పోయాడు. ఉక్కు ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో చేసి రిటైరైనవాడికి ఇంతకంటే మంచి ఎర వేయడం ఎవరివల్లా కాదు. తొలిసారి ఆన్ చేయగానే దాని రెండు ఫ్యాన్లు ఎత్తుకున్న శ్రుతికి కింద వాటావాళ్ళు పైకొచ్చి, "ఏటి మాస్టారూ, పిండిమర ఎట్టారా?" అనడిగారు.

డబ్బు సంగతి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే అందరూ అదే అడుగుతారు. యంత్రం 1350 వాట్లు లాగుతుంది, అంటే రోజుకి 32 యూనిట్ల పైమాట. మన టారిఫ్‌లో నెలకి 400 యూనిట్లు దాటాక యూనిట్టు 9 రూపాయల 75 పైసలు. కింది చవక స్లాబుల్ని ఫ్యాన్లూ ఫ్రిజ్జూ ఏసీ ముందే నింపేస్తాయి కాబట్టి, ఇది తాగేదంతా దాదాపుగా పై స్లాబులో కరెంటే. రోజుకి మూడు వందల రూపాయల పైన. ట్రూ అప్ ఛార్జీలు అదనం. ఇక రాబడి చూడండి. 2024 ఏప్రిల్లో కొత్త బ్లాకు దొరికినందుకు ఇచ్చే బహుమతి సగానికి పడ్డాక ప్రపంచమంతా కలిపి రోజుకి పుట్టే కొత్త కాయిన్లు సుమారు 450. ఆ ఏడాదే నెట్‌వర్క్ వేగం సెకనుకి 600 ఎక్సాహ్యాష్‌లు దాటింది. అందులో మా పెట్టె వేగం సెకనుకి పదమూడున్నర లక్షల కోట్ల లెక్కలు. వినడానికి ఘనంగానే ఉంటుంది గానీ భాగారించి చూస్తే రోజుకి ఒక కాయిన్‌లో లక్షో వంతు చేతికొస్తుంది. కాయిన్ 50 లక్షలుంటే యాభై రూపాయలు, కోటి అయితే వంద. నెట్‌వర్క్ వేగం ఆ తర్వాత ఇంకా పెరిగింది కాబట్టి అదీ రాదు. లాభం కోసం ఇంట్లో ఎస్9 నడుపుతున్నానని ఎవరైనా అంటే ఆయన మీటరు వేరే ఇంటి పేరు మీద ఉందేమో కనుక్కోండి.

మరెందుకయ్యా అంటే, రిటైరయ్యాక కొందరు కుండీల్లో మొక్కలు పెంచుతారు. నాకు 189 చిప్పులున్న పెట్టె దొరికింది. మూడు బోర్డులు, బోర్డుకి 63 చిప్పులు. దేని స్వభావం దానిది.

కుర్రాళ్ళకి ఓవర్‌క్లాకింగ్ అంటే మోజు. కంపెనీ పెట్టిన ఫ్రీక్వెన్సీని పెంచేస్తే లెక్కలు ఎక్కువ జరుగుతాయి, నిజమే. కానీ ఫ్రీక్వెన్సీ పెంచితే చిప్పు తప్పులు చేయడం మొదలుపెడుతుంది. ఆ తప్పులు ఆపాలంటే ఓల్టేజీ పెంచాలి. చిప్పు తినే కరెంటు ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది గానీ ఓల్టేజీ వర్గంతో పెరుగుతుంది. వేగం 15 శాతం పెంచడానికి ఓల్టేజీ 8 శాతం పెంచామనుకోండి, కరెంటు 34 శాతం పెరిగిపోతుంది. అదే లెక్కని తిరగేసి చూడండి. వేగం 20 శాతం తగ్గించి, ఓల్టేజీ 10 శాతం తగ్గిస్తే కరెంటులో 35 శాతం ఆదా అవుతుంది. పైగా చిప్పు వేడెక్కేకొద్దీ పని లేకుండా కారిపోయే కరెంటు కూడా పెరుగుతుంది. ఆ కారుడు మళ్ళీ వేడవుతుంది. అందుకని ఈ విద్యలో పనితనమంతా దించడంలోనే ఉందని నా అభిప్రాయం. ఎంత దించితే ఏ చిప్పు ఎక్కడ మొరాయిస్తుందో చూడాలి. గాలి ముందు నుంచి దూరి వెనక నుంచి పోతుంది కాబట్టి ముందు వరస చిప్పులు చల్లగా కులాసాగా ఉంటాయి, కాలేది వెనక వరస. బోర్డు ఎంత వేగం తట్టుకుంటుందో చెప్పేది ఆ వెనకవాళ్ళే. చిప్పుల్నన్నిటినీ గొలుసులా కలిపారు గనక, మధ్యలో ఒక్కటి చచ్చినా దాని తర్వాతివాటి మాట బయటికి రాదు.

చల్లార్చడం దగ్గరికొస్తే, మన ఊరి గురించి అందరికీ ఉన్న అభిప్రాయాన్ని కాస్త సవరించుకోవాలి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీలు చూసినవాడు ఇక్కడి 36 చూసి నవ్వుతాడు, సాయంత్రానికి చొక్కా పిండుకుంటూ ఏడుస్తాడు. మనకి ప్రాణం తీసేది ఉక్కపోత. చెమట ఆరదు కాబట్టి ఒళ్ళు చల్లబడదు. యంత్రానికి ఆ బాధ లేదు, దానికి చెమటే పట్టదు. గాలి ఎంత తేమగా ఉన్నా దానికి కావలసింది ఆ గాలి ఉష్ణోగ్రత మాత్రమే. ఆ లెక్కన రెంటచింతల కంటే వైజాగు దానికి మంచి ఊరు! కాకపోతే రెంటచింతలవాడికి వట్టివేళ్ళ తడకో కూలరో ఉంది, పొడిగాలిని నీళ్ళతో సులువుగా దించేస్తాడు. గాలిలో తేమ 80 శాతం దగ్గరున్నప్పుడు ఇక్కడ కూలరు రెండు మూడు డిగ్రీలకి మించి దించలేదు, గదిని మాత్రం స్నానాలగది చేస్తుంది. పైగా అక్కడ ఎంత కాచినా పొడిగాలి కాబట్టి చీకటిపడితే వేడి దిగుతుంది, మన సముద్రం రాత్రిని కూడా చల్లబడనివ్వదు.

సెకనుకి వంద లీటర్ల గాలి ఆ పెట్టెలోంచి వెళ్తే, 1350 వాట్లకి ఆ గాలి సుమారు 11 డిగ్రీలు వేడెక్కుతుంది. 36 డిగ్రీలతో దూరినది 47తో బయటపడుతుంది. గది తలుపు మూసి ఉంటే ఆ 47 మళ్ళీ ముందుకొచ్చి దూరుతుంది, ఇంకో 11 ఎక్కించుకుంటుంది. ఈ యంత్రం చుట్టూ గాలి 40 డిగ్రీలు దాటకూడదన్నది కంపెనీ పెట్టిన హద్దు. కాబట్టి పెద్ద ఫ్యాన్లు కొనడం కంటే వెళ్ళిన గాలిని మళ్ళీ రానివ్వకపోవడం ముఖ్యం. మధ్యాహ్నం సముద్రపు గాలి కొట్టే వైపు కిటికీ దగ్గర దాని ముక్కు పెట్టి, వెనక నుంచి ఏసీ షాపుల్లో దొరికే మడతల గొట్టాన్ని ఎదురు గోడ వెంటిలేటర్‌కి తగిలించాను. కొందరు ఏసీ గదిలో పెడతారు. 1350 వాట్ల వేడి లాగడానికి ఏసీ మరో నాలుగు వందల వాట్లయినా తింటుంది. వేడి తయారుచేయడానికో బిల్లు, పారబోయడానికో బిల్లు.

అసలు శత్రువు వేడి కాదేమో అని నాకీ మధ్య గట్టిగా అనిపిస్తోంది. పాతనగరంలో ఉండేవాళ్ళకి పోర్టు బొగ్గు దుమ్ము గురించి నేను చెప్పక్కర్లేదు, దండెం మీద ఆరేసిన పంచె చెబుతుంది. బొగ్గు కరెంటుని పోనిస్తుంది. దానికి సముద్రపు ఉప్పు తోడు. ఉప్పు పొడిగా ఉన్నంతసేపూ సాధువే. గాలిలో తేమ 75 శాతం దాటిందా, నీళ్ళు లాక్కుని కరిగి బోర్డు మీద సన్నటి పొరలా పరుచుకుంటుంది. యంత్రం నడుస్తున్నంతసేపూ ఈ ప్రమాదం లేదు. 32 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి కూడా లోపల 50 డిగ్రీలకి వేడెక్కేసరికి అదే తేమ 30 శాతంగా మారుతుంది. కరెంటు పోయిందనుకోండి, బోర్డు చల్లబడుతుంది, ఉప్పు తడుస్తుంది. రెండు గంటల తర్వాత కరెంటు రాగానే తడి బోర్డుల మీద వంద ఆంపియర్లు దూకుతాయి. మన ఊళ్ళో ఈ యంత్రాలకి నడుస్తున్నప్పటి కంటే ఆగినప్పుడే గండం. ఫ్యాక్టరీలో పెద్ద హెచ్‌టీ మోటార్లకి ఇందుకే స్పేస్ హీటర్ ఉంటుంది. మోటారు ఆగగానే అది వెలుగుతుంది, వైండింగుకి చెమ్మ పట్టకుండా కాపలా కాస్తుంది. అదే పద్ధతిలో ఎస్9 పెట్టెలో నలభై వాట్ల పాత బల్బొకటి ఇన్వర్టరు మీద పెట్టాను. కరెంటు పోతే వెలుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు రోజుల తరబడి చీకట్లో కూర్చున్న ఊరు ఇది. తర్వాత ప్రపంచ బ్యాంకు డబ్బుతో కొన్ని ప్రాంతాల్లో కేబుళ్ళు భూమిలోకి వెళ్ళాయి గానీ, తుపాను పేరు వినగానే బల్బు మార్చి చూసుకునే అలవాటు నాకు పోలేదు.

కరెంటు ఇవ్వడం గురించి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఇళ్ళు తగలబడేది ఇక్కడే. ఇస్త్రీపెట్టె కూడా వెయ్యి వాట్లే కదా అంటారు. ఇస్త్రీపెట్టె పావుగంట పనిచేసి చల్లారుతుంది, ఇది సంవత్సరమంతా ఆరు ఆంపియర్లు లాగుతుంది. ప్లగ్గు పిన్ను దగ్గర పదో వంతు ఓమ్ వదులుగా ఉన్నా అక్కడ మూడున్నర వాట్లు నిరంతరం కాలుతుంటాయి. ప్లాస్టిక్ ముందు పచ్చబడుతుంది, తర్వాత గోధుమరంగు, ఆ తర్వాత వాసన. ఆరు ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుని దీని దరిదాపుల్లోకి రానివ్వకండి. ఇంటి మెయిన్ బోర్డు నుంచి విడిగా లాగిన మందం వైరు, పదహారు ఆంపియర్ల ప్లగ్గు, దానికి సొంత ఎంసీబీ ఉండాలి. సాయంత్రం లో ఓల్టేజీ వస్తే పాత బల్బు తక్కువ లాగుతుంది, యంత్రానికి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మాత్రం తన వాట్లు తనకి కావాలని ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. ఇక ఎస్‌ఎంపీఎస్ అవతలివైపు 12 ఓల్టులే గనక అక్కడ పారేది వంద ఆంపియర్లు. బోర్డుకి మూడేసి కనెక్టర్లున్నాయి కదా, రెండు చాలులే అనుకోకూడదు. పెట్టె ముట్టుకుంటే జిల్లుమందంటే ఎర్తింగ్ లేదని అర్థం. మన కొండవాలు ఇళ్ళలో ఎర్రమట్టి కింద రాయి తగులుతుంది. బొగ్గూ ఉప్పూ వేసి పాతిన ఎర్తు గొయ్యి కూడా మే నెలలో ఎండిపోతుంది. అందులో రెండు బిందెల నీళ్ళు పొయ్యడం పెద్దవాళ్ళు చేసిన పనే.

నూనెలో ముంచేవాళ్ళూ ఉన్నారు. ఫ్యాన్లు పీకేసి యంత్రాన్ని మొత్తం ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్లాంటి దాంట్లో దించుతారు. చప్పుడు పోతుంది, ఉప్పు దుమ్ము బెడద పోతుంది. కేబుళ్ళ పైతొడుగు మెల్లగా గట్టిపడి పెళుసవుతుంది, జారి పడ్డ స్పానరు తీయడానికి ముంజేతి దాకా జిడ్డు. అంతా చేసి నూనెలోకెళ్ళిన వేడిని మళ్ళీ పంపూ రేడియేటరూ పెట్టి గాల్లోకే వదలాలి. మేడ మీద ఇరవై లీటర్ల వేడి నూనె పెట్టుకుని నిద్రపోయే ధైర్యం నాకు లేదు.

ఈ వేడి పారబోతే నాకు మింగుడుపడని విషయం. మా ఫ్యాక్టరీలో కోక్ అవెన్‌లోంచి వెయ్యి డిగ్రీలతో దిగే కోకుని నీళ్ళు కొట్టి ఆర్పరు. నైట్రోజన్ తిప్పి చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి, ఆవిరితో కరెంటు తీస్తారు. దేశంలోని పెద్ద ఉక్కు ఫ్యాక్టరీల్లో ఆ పద్ధతి ముందు పెట్టింది విశాఖలోనే. అలాంటిచోట పనిచేసి వచ్చినవాడు 47 డిగ్రీల గాలిని వెంటిలేటర్లోంచి వదులుతుంటే చెయ్యి వణుకుతుంది. కానీ 47 డిగ్రీల గాలితో టర్బైను తిరగదు. చలిదేశాల్లో దాంతో ఇల్లు వెచ్చబెట్టుకుంటారు, మనకి వెచ్చదనం కొదవా? వర్షాకాలంలో ఆ గొట్టం ముందు బట్టలు బాగా ఆరుతున్నాయని మాత్రం మా ఆవిడ ఒప్పుకుంది. ఆ మూడు నెలలు రెండో బిల్లు మాఫీ.

2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఒక గిగావాట్ డేటా సెంటర్ ప్రకటించింది, ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లట. ఒక గిగావాట్ అంటే మా పెట్టెలు ఏడు లక్షల నలభై వేలు ఒకేసారి నడిచినట్టు. పరవాడ సింహాద్రి ఎన్టీపీసీ మొత్తం 2000 మెగావాట్లు, చల్లార్చుకోవడానికి సముద్రం నీళ్ళు తోడుకుంటుంది. అందులో సగమంత కరెంటు మింగి దాదాపు అంతా వేడిగా వదిలే భవనాలు వస్తున్నాయి. నీళ్ళెక్కడివి, కరెంటెక్కడిది అని ఊళ్ళో అడుగుతున్నారు. అడగాలి. నేనైతే దానికి మూడో ప్రశ్న కలుపుతాను: ఆ వేడిగాలి ఏ ఊరి కిటికీల వైపు వెళ్తుంది?

మా మేనల్లుడు మొన్న ఫోను చేశాడు.

"మావయ్యా, కాయిన్ ధర పెరిగింది. క్లాక్ కొంచెం పైకి జరపొచ్చు కదా."

"ధర పెరిగితే నీలాంటివాళ్ళందరూ జరుపుతార్రా. 2016 బ్లాకులకోసారి, అంటే దగ్గర దగ్గర పదిహేను రోజులకోసారి నెట్‌వర్క్ లెక్కల కష్టాన్ని, అదే డిఫికల్టీని, సరిచేస్తుంది. వాటా మళ్ళీ మొదటికొస్తుంది. 2022 నుంచి ముప్ఫై శాతం పన్నుంది, అందులో కరెంటు ఖర్చు మినహాయించుకోవడానికి లేదు."

"డబ్బు కోసం కాదు మావయ్యా. ఎంత దాకా వెళ్తుందో చూద్దామని."

ఆ ముక్క ముందే చెప్పుంటే సరిపోయేది. డిసెంబరులో, రాత్రి పదకొండు దాటాక, వెనక వరస చిప్పులు ఎలా ఉన్నాయో చూసి రెండు మెట్లు ఎక్కిస్తానన్నాను. బిల్లులో సగం పంపమన్నాను కూడా.