శిశు వికాస పాఠంలో కులం లేని పిల్లవాడు

డి.ఎడ్., బి.ఎడ్. చేసి టెట్‌కి కూర్చునే ప్రతి దళిత విద్యార్థి చేతిలోనూ ఇవాళ ఒక పుస్తకం ఉంటుంది. 'శిశు వికాసం - పెడగాజి'. 2009 విద్యాహక్కు చట్టం తర్వాత ఉపాధ్యాయ అర్హత పరీక్ష వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి టెట్ 2011లో జరిగింది. 150 మార్కుల్లో 30 మార్కులు ఈ పాఠానివే. ఆ ముప్ఫై మార్కుల కోసం పియాజేకి నాలుగు దశలు, ఎరిక్సన్‌కి ఎనిమిది దశలు, కోల్‌బర్గ్‌కి మూడు స్థాయిలు అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ మనవాళ్లు బట్టీ కొడుతున్నారు. పరీక్ష కోసం బట్టీ కొట్టడం తప్పేం కాదు. ఉద్యోగం కావాలి. కానీ బట్టీ కొట్టిన పాఠమే రేపు బళ్లో పిల్లల్ని కొలిచే బద్ద అవుతుంది. ఏ పిల్లవాడు చురుకు, ఎవడు మొద్దు, ఎవడు ఎంత దూరం పోగలడు అనే తీర్పులు ఆ బద్దతోనే జరుగుతాయి. అందుకే ఆ బద్దని ఎవరి ఒంటి కొలతలతో చేశారో అడగాల్సిన అవసరం ఉంది.

ముందు అనువంశికత అధ్యాయం చూద్దాం. కోచింగ్ మెటీరియల్‌లో గాల్టన్, డగ్‌డేల్, గొడార్డ్ పేర్లు వరసగా వస్తాయి. గొడార్డ్ అనే అమెరికన్ 1912లో 'కాలికాక్ కుటుంబం' గురించి పుస్తకం రాశాడు. ఒక సైనికుడు సారాకొట్టు పిల్లతో కన్న సంతానం తరతరాలుగా మందబుద్ధులయ్యారట. మర్యాదస్తురాలైన భార్యతో కన్న సంతానం మాత్రం గొప్పవాళ్లయ్యారట. కాబట్టి బుద్ధి రక్తంలోనే ఉందని తేల్చాడు. చచ్చిపోయినవాళ్ల బుద్ధిని ఎట్లా కొలిచాడు? అతను పంపిన మనిషి ఊళ్లు తిరిగి, ఇరుగుపొరుగుని అడిగి, బతికున్నవాళ్ల వాలకం చూసి రాసుకొచ్చింది. అదే కొలత! 1928 నాటికి గొడార్డే తన పాత అభిప్రాయాల్లో చాలావాటిని వదులుకున్నాడు. 1985లో డేవిడ్ స్మిత్ ఆ కుటుంబం చరిత్ర తవ్వి చూస్తే 'చెడ్డ' శాఖ అన్నదాంట్లో మామూలు రైతులు, టీచర్లు కూడా కనిపించారు. కూలిపోయిన ఈ అధ్యయనాన్ని మన పిల్లలు ఇంకా ఒక మార్కు బిట్టుగా చదువుతున్నారు. పుట్టుకని బట్టే బుద్ధి అనే మాట మనకి కొత్తదా? మనువు చెప్పిందాన్నే గొడార్డ్ ప్రయోగశాల అంగీ తొడుక్కుని చెప్పాడు. ఏ బుద్ధిని లేదంటూ మనల్ని బడి బయట కూర్చోబెట్టారో, ఆ సిద్ధాంతాన్నే మన చేత వల్లె వేయిస్తున్నారు.

పియాజే సంగతి వేరు. ఆయన పుట్టుకని పట్టుకుని వేలాడలేదు. పిల్లవాడు లోకంతో తలపడుతూ తన జ్ఞానాన్ని తానే కట్టుకుంటాడన్నాడు. పిల్లవాణ్ని ఖాళీ కుండ అనుకునే బెత్తం చదువుకి అది గట్టి దెబ్బే. కానీ ఇంద్రియ చాలక దశ గురించి ఆయన రాసిందానికి ప్రధాన ఆధారం సొంత పిల్లలు ముగ్గురు. స్విట్జర్లాండ్‌లో ఒక శాస్త్రవేత్త ఇంటి పిల్లలు. అమూర్త ప్రచాలక దశ పదకొండేళ్లకి మొదలవుతుందని పుస్తకాలు గీత గీసి చెబుతాయి. అది మనుషుల వృత్తుల్నీ ప్రవేశాల్నీ బట్టి వేరువేరు రంగాల్లో కనపడొచ్చని 1972లో పియాజేనే రాశాడు. మన పాఠంలో గీత మిగిలింది, సవరణ ఎగిరిపోయింది.

ఆ సవరణ ఎందుకు ముఖ్యమో బ్రెజిల్ పిల్లలు చూపించారు. రెసిఫే నగరంలో వీధుల్లో, సంతల్లో సరుకులమ్మే ఐదుగురు పిల్లల మీద 1985లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్ల వయసు 9 నుంచి 15 ఏళ్లు. బేరం దగ్గర అడిగిన లెక్కల్లో వాళ్లు 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కల్ని కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే 37 శాతమే సరిగ్గా చేశారు. పిల్లలు వాళ్లే, అంకెలూ అవే. మారింది అడిగే చోటు, అడిగే తీరు. మా నాయన బడి మొహం చూడలేదు. నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున ఏడాదిన్నర బాకీ ఎంతైందో మాత్రం కాగితం ముట్టుకోకుండా చెప్పేవాడు. తప్పితే ఆసామి మింగేస్తాడు గనక తప్పేవాడు కాదు. ఈ తెలివిని ఏ దశలో వేస్తారు? పల్లె పిల్లవాడు పలక ముందు తడబడితే అది వాడి బుర్ర దశ అనుకోవాలా, లేక బడికి వాడి లెక్క అడగడం రాలేదనుకోవాలా?

ఇక ఎరిక్సన్. బడి ఈడు పిల్లల దశకి ఆయన పెట్టిన పేరు 'శ్రమశీలత - న్యూనతా భావం'. పని నేర్చి మెప్పు పొందితే ఒకటి, పొందలేకపోతే రెండోది. న్యూనత పిల్లవాడి ఓటమి నుంచే రానక్కర్లేదనీ, ఒంటి రంగూ తల్లిదండ్రుల స్థాయీ తన విలువని తేలుస్తున్నాయని వాడికి అర్థమైనప్పుడూ వస్తుందనీ ఎరిక్సన్‌కి తెలుసు. రాశాడు కూడా. గైడ్లలో ఆ ముక్క ఉండదు. అంబేడ్కర్ ఇదే ఈడులో గోనెపట్టా మీద విడిగా కూర్చున్నాడు. ప్యూను నీళ్లు పోస్తేనే తాగాడు. ఆయన చదువులో ఓడిపోయాడా? లేదే! గెలిచినా గోనెపట్టా తప్పలేదు. కాబట్టి న్యూనత అనేది పిల్లవాడి లోపల పుట్టే జబ్బు కాదు. బయటనుంచి రోజూ అతని మీద మోపే బరువు.

దీనికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 6, 7 తరగతుల మగపిల్లలకి కార్లా హాఫ్, ప్రియాంకా పాండే కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. కులం పేరెత్తనప్పుడు అగ్రకులాల పిల్లలకీ కింది కులాల పిల్లలకీ తేడా లేదు. అందరి ముందూ పేరు, ఊరు, తండ్రి పేరు, కులం చదివాక కింది కులాల పిల్లలు విప్పిన పజిళ్లు బాగా తగ్గిపోయాయి. నిమిషం కింద ఉన్న తెలివి నిమిషంలో ఎక్కడికి పోయింది? గొడార్డ్‌కి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అమెరికాలో నల్లజాతి మనోవిజ్ఞానవేత్తలు కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ బొమ్మలతో పరీక్షలు చేశారు. నల్లపిల్లల్లో ఎక్కువమంది తెల్లబొమ్మనే మంచిదన్నారు. 1954లో బడుల్లో జాతి వేర్పాటుని కొట్టేసిన సుప్రీంకోర్టు తీర్పులో ఆ పరిశోధనకి చోటు దక్కింది. అది గొప్ప గెలుపు. కానీ తర్వాత నల్లజాతి ఆలోచనాపరులే ఒక ప్రశ్న వేశారు: అణచివేతకి గురైన పిల్లవాణ్ని ఎప్పుడూ 'దెబ్బతిన్న పిల్లవాడి'గానే చూపిస్తే, వాడి బలం ఎవరు చెబుతారు? పైగా వేరు చేసేవాడి మనసు మాత్రం ఆరోగ్యంగా ఉన్నట్టా? పక్కవాడు ముట్టుకున్న గ్లాసు చూసి మొహం చిట్లించడం ఆరేళ్లకే నేర్చుకున్న అగ్రకుల పిల్లవాడి 'నైతిక వికాసం' కోల్‌బర్గ్ మెట్లలో ఎక్కడుంది? పెద్దల మెప్పు కోసం కట్టుబాటు పాటించడం ఆయన లెక్కలో 'సాంప్రదాయ స్థాయి'. అంటే అంటరానితనం పాటించే పిల్లవాడు ఒక మెట్టు ఎక్కినట్టే! ఈ ప్రశ్న మన మనోవిజ్ఞాన శాఖలు వేసుకోవాలి.

ఇదంతా పడమటి సరుకు, పారేద్దాం అనే మిత్రులున్నారు. నేను ఒప్పుకోను. పారేస్తే ఆ ఖాళీలోకి వచ్చేది మన జ్ఞానం కాదు, గురుకుల పురాణం. పనికొచ్చేవి పట్టుకోవాలి. పిల్లవాడు ఒంటరిగా చేయగలిగిందానికీ, తెలిసినవాళ్ల తోడుతో చేయగలిగిందానికీ మధ్య ఉన్న జాగాని వైగోట్‌స్కీ సామీప్య వికాస మండలం అన్నాడు. తోడు కూర్చోవడమే మైల అయిన చోట ఆ మండలం ఎట్లా ఏర్పడుతుంది? ఈ సిద్ధాంతంతో కులాన్ని నేరుగా అడగొచ్చు. బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ 1979లో ఇల్లు, బడి, వాటి మధ్య సంబంధం, వాటిని కమ్ముకున్న సమాజ వ్యవస్థ అంటూ పొరలు చూపించాడు. మన దగ్గర కులం పై పొరలో దూరంగా ఉండదు. అన్ని పొరల్లోనూ దారంలా దూరి ఉంటుంది.

టీచర్లయిన మిత్రులు రేపు తరగతిలో ఒక పని చేయొచ్చు. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారో, బోర్డు దగ్గరికి ఎవర్ని పిలుస్తున్నామో, చీపురు ఎవరి చేతికి వెళుతోందో నెల రోజులు రాసిపెట్టండి. పరిశోధక విద్యార్థులు ఆ రాతల్ని సేకరించాలి. కాలికాక్ కథని సిలబస్‌లోంచీ ప్రశ్నపత్రాల్లోంచీ తీసేయమని, ఉంచితే తప్పుడు శాస్త్రానికి ఉదాహరణగానే ఉంచమని అడగాలి. మన పిల్లల వికాసం గురించిన పాఠం ఆ నోటుపుస్తకాల నుంచి మొదలుకావాలి.