స్వర్గం గేటు దగ్గర జున్ను

ఈ వారం కాలమిస్టు గారికి కోపం తెప్పించింది ఒక బోర్డు. దాన్ని చూసింది ఆయన కాదు, కాలిఫోర్నియాలో ఉంటున్న ఆయన అన్నగారబ్బాయి. వాడు ఇర్వైన్ నుంచి చీకటితోనే బయల్దేరి, జాషువా ట్రీ నేషనల్ పార్కు దాకా కారు నడుపుకుంటూ పోయి, ట్రెయిల్ మొదట్లో దిగాడు. ఎదురుగా బోర్డు: పెంపుడు జంతువులకు ప్రవేశం లేదు. వెనక సీట్లో జున్ను. జున్నంటే ముప్ఫై కిలోల లాబ్రడార్. షెల్టర్ నుంచి తెచ్చుకున్న రోజున ఒంటి రంగు చూసి కోడలు పెట్టిన పేరది. "దాన్ని తిప్పుదామనే కదా బాబాయ్ వచ్చింది, దాన్నే రానివ్వరట!" అని పొడుగాటి వాయిస్ మెసేజ్.

కుక్కల విషయంలో ఈ కాలమ్ ఎవరి పక్షమో పాత పాఠకులకు చెప్పక్కర్లేదు. అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో కుక్కల్ని ఎక్కనివ్వని కమిటీల మీద ఆయన విరుచుకుపడినప్పుడు, రాజమండ్రి హెడ్మాస్టరు గారు "తమకు మనుషుల కష్టాలు కనపడవా" అంటూ రాసిన కార్డు ఇప్పటికీ బల్ల మీద అద్దం కిందే ఉంది. కాబట్టి మెసేజ్ విన్న మరుక్షణమే ఈ వారం కాలమ్ ఆయన బుర్రలో సగం తయారైపోయింది.

రూలేమిటంటే, ఆ పార్కులో కుక్క రోడ్లు, పిక్నిక్ స్థలాలు, క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నచోటే తిరగాలి. వాటినుంచి వంద అడుగులు దాటి పోకూడదు. మెడకు తాడు ఉండాలి, తాడు ఆరడుగులు మించకూడదు. దాదాపు ఏ కాలిబాట మీదికీ రానివ్వరు. డెత్ వ్యాలీలోనూ ఇంచుమించు ఇదే వరస. అలాగని ఎడారి పార్కులన్నీ ఒకటే మాట మీద లేవు. న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్‌లో తాడు కట్టి తెల్లటి ఇసుక దిబ్బల మీద కుక్కను హాయిగా నడిపించుకోవచ్చు.

వెంటనే ఆయనకు ధర్మరాజు గుర్తొచ్చాడు. రాకుండా ఎలా ఉంటాడు? స్వర్గం గేటు దగ్గర ఇంద్రుడు రథం మీద వచ్చి, రావయ్యా, కానీ కుక్కను వదిలిపెట్టి రా అనడం, ఈయన ససేమిరా అనడం మనకు చిన్నప్పటినుంచీ తెలిసిన ముచ్చటే. తెలియనిది, లేదా తెలిసీ పట్టించుకోనిది, ఆ దారిలో ఉన్న ఇసుక. వ్యాసుడి మహాప్రస్థానిక పర్వంలో పాండవులు హిమవంతాన్ని దాటాక వాళ్లకు కనిపించేది ఇసుక సముద్రం, ఆపైన మేరువు. ద్రౌపది మొదలుకొని భీముడి దాకా ఒక్కొక్కరే పడిపోయేది ఆ తర్వాతే. అంటే కుక్కను వెంటబెట్టుకుని ఎడారి దారి పట్టిన మొదటి పెద్దమనిషి మనకు ధర్మరాజే.

పైగా ఆ కుక్క కొండ మీద కలిసింది కాదు, హస్తినాపురంలోనే వెంటపడింది. అన్నదమ్ములు ఐదుగురు, ద్రౌపది ఆరు, కుక్క ఏడు. తూర్పున లౌహిత్య సముద్రం దాకా పోయారు. అక్కడ అగ్నిదేవుడు అడ్డం నిలబడి అర్జునుడి గాండీవం వెనక్కి తీసుకున్నాడు. దక్షిణానికి తిరిగారు, పడమట సముద్రంలో మునిగిన ద్వారకను చూశారు, ఉత్తరానికి మళ్లారు. ఇంత ప్రదక్షిణలోనూ కుక్క వెంటే ఉంది. అదేం తిన్నదో, ఎక్కడ పడుకున్నదో కవి చెప్పడు. మనుషుల తప్పులన్నీ లెక్క కడతాడు: అర్జునుడికి విలువిద్య గర్వం, సహదేవుడికి తెలివి గర్వం, నకులుడికి అందం గర్వం, భీముడికి తిండి. కుక్క మీద మాత్రం ఒక్క ఫిర్యాదూ లేదు.

ఇంద్రుడేమీ ఊరికే మొండికేయలేదని కూడా చెప్పాలి. ఆయన దగ్గర కారణం ఉంది. కుక్కలున్నవాళ్లకు స్వర్గంలో చోటు లేదనీ, వాళ్లు చేసిన యజ్ఞదానాల పుణ్యాన్ని క్రోధవశులనేవాళ్లు ఎత్తుకుపోతారనీ శాస్త్రం చెప్పాడు. ధర్మరాజు లొంగలేదు. నమ్ముకున్న ప్రాణిని వదిలేయడం మహాపాపం, నీ స్వర్గం నువ్వే ఉంచుకో అన్నాడు. చివరికి కుక్క ధర్మదేవతే అయి కూర్చుంది. ఈ కథ దన్నుతో నేషనల్ పార్కు వాళ్లను ఏకిపారేయాలని కాలమిస్టు కూర్చున్నాడు. అన్నగారబ్బాయికి ఒకసారి ఫోన్ చేసి మిగతా సంగతి కూడా కనుక్కుందామని అనుకోకపోతే ఏకిపారేసి ఉండేవాడు కూడా.

మిగతా సంగతి ఇదీ. మొగుడూ పెళ్లాం కాసేపు కారులోనే వాదులాడుకుని, పార్కు పొడవునా దక్షిణానికి వచ్చి, కాటన్‌వుడ్ గేటు దాటి బయటపడ్డారు. ఆ గేటు బయటున్నది బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వారి భూమి. అమెరికాలో ఆ సంస్థ చేతిలో 24 కోట్ల ఎకరాలకు పైగా ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపి మూడున్నర రెట్లు వేస్తే అంత. అందులో చాలా భాగంలో ఎవర్నీ అడక్కుండా, పైసా కట్టకుండా గుడారం వేసుకోవచ్చు. మామూలుగా 28 రోజుల్లో 14 రోజులకు మించి ఒకచోట ఉండకూడదు, అంతే. కుళాయి లేదు, దీపం లేదు, మరుగుదొడ్డి లేదు. ఆ పని కోసం ఆరంగుళాల లోతు గొయ్యి తవ్వుకోవాలి. కుక్కకు మాత్రం ప్రవేశం ఉంది.

అక్కడ జాషువా చెట్లు కూడా లేవు. ఆ పార్కు రెండు ఎడారులు కలిసేచోట ఉంది. పైనున్న ఎత్తయిన సగం మొహావీ, కిందున్న పల్లపు సగం కొలరాడో ఎడారి. ఫొటోల్లో కనిపించే ఆ చేతులెత్తిన చెట్లు పై సగంలోనే పెరుగుతాయి. కింద ఒకోటియో కంపలు, క్రియోసోట్ పొదలు, చోయా ముళ్లు. దూరంగా ఇంటర్‌స్టేట్ 10 మీద లారీల మోత సన్నగా వినిపిస్తూనే ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌కి పనికొచ్చేది ఒక్కటీ లేదని వాడి బాధ.

దిగిన గంటలోనే జున్ను చోయాలో కాలు పెట్టింది. ఈ ముళ్ల కణుపులు కాస్త తగిలితే చాలు, మొక్కనుంచి ఊడి వచ్చి అంటుకుంటాయి. ముల్లుకి వెనక్కి తిరిగిన సన్నటి కొక్కేలుంటాయి కాబట్టి లాగినకొద్దీ కండ పట్టుకు వస్తుంది. నోటితో పీక్కోబోయిందా, పెదాలకు గుచ్చుకుంటుంది. చేత్తో తీయబోతే వేళ్లకు. కోడలు కుక్క తలను ఒళ్లో అదిమిపట్టుకుంది. వీడు పెద్ద పళ్ల దువ్వెనను కణుపుకీ పాదానికీ మధ్య దూర్చి ఒక్క విసురు విసిరాడు. కణుపు ఎగిరి ఆమడ దూరంలో పడింది. మిగిలిన విడి ముళ్లు పట్టుకారుతో, టార్చి వెలుతురులో, ఒక్కొక్కటే. ఎడారికి పోయేవాళ్లు దువ్వెన తీసుకుపోయేది తల దువ్వుకోడానికి కాదని వాడికి ఆ సాయంత్రం తెలిసింది.

ఇక ఆ తర్వాత చేయడానికేమీ లేదు. అసలు విషయం ఇక్కడుంది. వాడి ఫోన్‌లో ఎక్సెల్ షీటు ఉంది: కీస్ వ్యూలో ఇన్నింటికి, హిడెన్ వ్యాలీలో ఇన్నింటికి, స్కల్ రాక్, ఆర్చ్ రాక్ దగ్గర రాత్రి నక్షత్రాల ఫొటో. కుక్కను తీసుకుని ట్రెయిల్ ఎక్కలేరు. కారులో పెట్టి పోదామా అంటే, బయట 21 డిగ్రీలు ఉన్నా అద్దాలు మూసిన కారు అరగంటలో 40కి చేరుతుంది. కుక్కకు చెమట పట్టేది పాదాల అడుగునే, మిగతా వేడంతా నాలుక చాచి ఒగర్చుకోవాల్సిందే. గుడారం దగ్గర కట్టేసి పోవడం కుదరదు, అక్కడ కొయోట్లు తిరుగుతాయి. కాబట్టి షీటు మొత్తం రద్దు. రెండు మడత కుర్చీలు, ఒక కుక్క, ఎదురుగా ఏమీ లేకపోవడం.

మన సెలవుల మీద ఈ కాలమ్ పాత గొడవ ఒకటుంది. తిరుమల పోయినవాడు తిరుమల చూసి రాడు. అదే కారులో తిరుచానూరు, కాళహస్తి, కాణిపాకం, వీలైతే గోల్డెన్ టెంపుల్, అన్నీ ముగించి ఆదివారం రాత్రి ఇంటికొచ్చి సోమవారం ఆఫీసులో కునుకుతాడు. అమెరికా పోయినా ఆ అలవాటు పోలేదు, ఎక్సెల్ షీటు తోడైంది. దీనికి మందేమిటని ఆయన ఏళ్లతరబడి అడుగుతూనే ఉన్నాడు. ఆరడుగుల తాడు ఆ పని చేస్తుందని ఊహించలేదు.

ఆ రాత్రి వాళ్లిద్దరూ ఎనిమిదిన్నరకే పడుకున్నారట. వాడికిది వింతగా తోచింది కానీ, అందులో వింతేమీ లేదు. 2013లో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు ఎనిమిది మందిని రాకీ పర్వతాల్లో వారం రోజులు గుడారాల్లో ఉంచారు. టార్చి లేదు, ఫోన్ లేదు, సూర్యుడూ మంట వెలుగూ తప్ప మరో దీపం లేదు. వారం తిరిగేసరికి వాళ్ల శరీర గడియారం సుమారు రెండు గంటలు ముందుకు జరిగి, సూర్యుడితో కలిసి నడవడం మొదలుపెట్టింది. తర్వాత వారాంతం మాత్రమే ఉంచి చూసినా ఆ మార్పులో చాలా భాగం వచ్చేసింది. ఎడారిలో ఇంకో కారణమూ ఉంది. గాలిలో తేమ లేదు, మబ్బు లేదు, కాబట్టి పొద్దు గుంకగానే నేల వేడి మొత్తం ఆకాశానికి పోతుంది. చలికి దుప్పట్లో దూరక తప్పదు.

జున్ను మాత్రం విశ్రాంతి తీసుకుందని చెప్పలేం. మనవాళ్లు శ్వాననిద్ర అని ఊరికే అన్నారా? కొయోట్లు కూత పెట్టినప్పుడల్లా లేచి, గుడారం గుడ్డకు ముక్కు ఆనించి, గుర్రుమని, మళ్లీ ఇద్దరి మధ్యా చొరబడింది. పగలు పొదపొదనూ వాసన చూసింది. దానికది డ్యూటీ. కాపలా ఎవరో కాస్తున్నారన్న ధీమాతో నిద్రపోయింది మనుషులు.

స్టెయిన్‌బెక్ ఇక్కడ గుర్తుకు రావాలి. 1960లో చార్లీ అనే పూడుల్ కుక్కతో అమెరికా చుట్టిన రచయిత. మొహావీలో రెండు కొయోట్లకు తుపాకీ గురిపెట్టి, కాల్చలేక దించేసి, రెండు డబ్బాల కుక్క తిండి వాటికోసం తెరిచి పెట్టానని రాశాడు. ఇప్పుడైతే అడవి జంతువులకు తిండి పెట్టినందుకు రేంజరు చీటీ చింపి చేతిలో పెట్టేవాడు. యాభై ఏళ్ల తర్వాత ఒక విలేకరి అదే దారిన పోయి ఆరా తీస్తే, ఆ ఒంటరి ప్రయాణంలో చాలా రాత్రులు హోటళ్లలో గడిచాయనీ, సగం రోజులు భార్య పక్కనే ఉందనీ తేలింది. కుక్కతో ఏకాంతం అనేది కాగితం మీద కుదిరినంత బాగా ఇసుకలో కుదరదు.

ఇంతకీ ఆ బోర్డు. వాడి ఫోన్ పెట్టేశాక కాలమిస్టు ఆ రూలు ఎందుకుందో చదివాడు. మొహావీ ఎడారి తాబేలు అని ఒకటుంది. కాలిఫోర్నియా రాష్ట్ర సరీసృపం. 1990లో దాన్ని అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చారు. జీవితంలో 95 శాతం బొరియలోనే గడుపుతుంది. వాన పడినప్పుడు తాగిన నీటిని మూత్రాశయంలో దాచుకుని నెలల తరబడి బతుకుతుంది. భయపడిందంటే ఆ నీళ్లన్నీ వదిలేస్తుంది. మళ్లీ వాన పడేదాకా తాగడానికి చుక్క దొరకదు, చచ్చిపోవచ్చు కూడా. జున్ను కరవక్కర్లేదు, కరిచే రకం కాదు కూడా. ప్రేమగా వెళ్లి మూతితో ఒకసారి పొడిస్తే చాలు. ఆ పల్లపు ఎడారిలో కూడా తాబేళ్లున్నాయి. కాబట్టి గేటు బయట తాడు విప్పినా తప్పే.

ఈ లెక్కన ఇంద్రుడి మాటలో పస ఉందని ఒప్పుకోక తప్పడం లేదు. ధర్మరాజు వాదన కుక్కను వదలకూడదన్నంత వరకే సరి. కుక్కతో సహా లోపలికి రావడం తన హక్కన్నంత వరకు కాదు. వెనక్కి తిరిగితే కూర్చోవడానికి చోటుంది. 24 కోట్ల ఎకరాలుంది. రాజమండ్రి నుంచి ఈసారి ఏ కార్డు వస్తుందో చూడాలి.

అబ్బాయి మాత్రం మెత్తబడలేదు. వచ్చే నవంబర్లో మళ్లీ పోతారట. ఈలోగా వేసవి వచ్చి పడుతుంది, పాములు బయటికొస్తాయి, వీల్లేదు. ట్రెయిల్ చూసి తీరాల్సిందే అంటాడు. జున్నుని బోర్డింగ్‌లో పెడితే తిండి ముట్టదు. అందుకని పార్కు క్యాంప్‌గ్రౌండ్‌లోనే దిగి, ఒకరు కుక్క దగ్గర కూర్చుంటే ఇంకొకరు ట్రెయిల్ ఎక్కి రావాలనీ, మధ్యాహ్నం వంతు మార్చుకోవాలనీ ఒప్పందం చేసుకున్నారు. ముందు ట్రెయిల్ ఎక్కేది నువ్వంటే నువ్వని ఇంట్లో ఇప్పటినుంచే గొడవట. చెట్టు నీడన కుర్చీని ముందు ఎవరూ వదలడం లేదు.