సాయంత్రం ఉబ్బిన చెయ్యి

ఎలర్జీకి మన తెలుగులో ఎప్పటినుంచో ఒక మాట ఉంది: పడదు. "వంకాయ పడదండీ", "దుమ్ము పడదండీ" అంటూనే నా ముందు కూర్చుంటారు. ఏది పడదో తేల్చడమే నా పని.

మొన్న గురజాల వైపు నుంచి ఒక రైతు వచ్చారు. మిరప కల్లంలో దిగినప్పటి నుంచి తుమ్ములేనట. మిరపే పడదని ఆయన నమ్మకం. కాయ ఘాటుకు నరాలు మండి ఎవరికైనా తుమ్ము వస్తుంది. అది ఎలర్జీ కాదు. ఈయనకు కల్లం వదిలి ఇంటికొచ్చినా, పొద్దున లేవగానే వరసపెట్టి తుమ్ములే. అందుకే పరీక్ష చేద్దామన్నాను.

ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసి, ఒక్కోదాని పక్కన ఒక్కో చుక్క వేశాను: బూజు, ఇంటి దుమ్ము పురుగు, వయ్యారిభామ పుప్పొడి, పోలిక కోసం ఉత్త ఉప్పునీరు, హిస్టమిన్. ఒక్కో చుక్క మీదుగా సన్నటి మొనతో, రక్తం రాకుండా గుచ్చాను. పావుగంటకు వయ్యారిభామ దగ్గర దోమ కుట్టినట్టు దద్దురు లేచింది. స్కేలు పెడితే 6 మిల్లీమీటర్లు. ఉప్పునీటి చోటికన్నా 3 ఎక్కువుంటే లెక్కలోకి తీసుకుంటాం.

అది చర్మంలోని మాస్ట్ కణాల పని. 1878లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిష్ వీటిని బాగా మేసి బలిసిన కణాలనుకుని ఆ పేరు పెట్టాడు. లోపలున్నది మేత కాదు, హిస్టమిన్ నింపిన గింజలు. కణం పైన ఐజీఈ యాంటీబాడీలు కాపలా ఉంటాయి. పుప్పొడి వచ్చి రెండింటిని కలిపి పట్టుకుందా, నిమిషాల్లో గింజలు బయటపడి దద్దురు లేస్తుంది.

సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. "డాక్టరు గారూ, తగ్గిన చెయ్యి మళ్లీ ఉబ్బిందండీ!"

గింజలు వదిలాక మాస్ట్ కణం ఊరుకోదు. కొత్తగా ప్రొటీన్లు తయారుచేసి కబుర్లు పంపుతుంది. ఇంటర్‌ల్యూకిన్లు, టీఎన్ఎఫ్ అలాంటివే. ఆ కబురందుకుని రక్తంలోంచి ఇంకొన్ని కణాలు అక్కడికి చేరతాయి. గంటల తర్వాత వచ్చే వాపు వాటిది. ముక్కులోనూ ఇదే తంతు.

తుమ్ముల మాత్ర హిస్టమిన్‌నే అడ్డుకుంటుంది. ఆ కబుర్ల తయారీని తగ్గించేది ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే. దాని గుణం పూర్తిగా తెలియడానికి వారం, రెండు వారాలు పడుతుంది. మూడో రోజుకే "పనిచేయలేదండీ" అని అవతల పెట్టేవారిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

"పొద్దున లేచిన దద్దురు మాత్రకు లొంగేది. ఇప్పుడు ఉబ్బినలాంటిదే ముక్కులో వస్తే, అది స్ప్రేకు లొంగేది. రోజూ కొట్టుకోండి, మానొద్దు" అన్నాను.

"మరి గట్టు మీది వయ్యారిభామో?"

"పూత రాకముందే పీకించండి. మీరు మాత్రం చెయ్యి పెట్టకండి."