పంతులు నోటి మాట: 'బందిపోట్లు' కవితలో తరగతి గది

సావిత్రి 'బందిపోట్లు' (1984) స్త్రీవాద కవిత్వ చర్చల్లో ప్రధానంగా వివాహవ్యవస్థపై విమర్శగా ప్రసిద్ధం. ముగింపును బట్టి చూస్తే ఆ నిర్ణయం సరైనదే. మొదటి నుంచి చదివితే మాత్రం ముందు ఎదురయ్యేది భర్త కాదు, పంతులు. ఇల్లు కాదు, బడి. పాఠం అప్పజెప్పలేని ఆడపిల్లను ఆయన బెత్తంతో కాదు, పెళ్లితో బెదిరిస్తాడు. అంటే పెళ్లిని శిక్షగా మొదట నిర్వచించింది కవయిత్రి కాదు, పంతులే.

కవిత నిర్మాణం ఈ పఠనాన్ని బలపరుస్తుంది. పంతులు మాట, అన్న మాట, లోకం మాట: మూడూ జనం అలవాటుగా అనేవే. వాటిని విన్న పిల్ల మొదట భయపడుతుంది, తరువాత అనుమానిస్తుంది, చివరకు గ్రహిస్తుంది. ఇది అభ్యసన క్రమమే. అప్పజెప్పవలసిన పాఠం రాని పిల్ల, ఎవరూ చెప్పని పాఠాన్ని పూర్తిగా నేర్చుకుంది. పంతులు దుర్మార్గుడని కవిత ఎక్కడా అనదు. బహుశా ఆయన నవ్వుతూనే అని ఉంటాడు. అసలు చిక్కు అదే.

ఆ పిల్ల వయస్సును కవిత చెప్పదు. అయితే 6 నుంచి 8 తరగతుల ఈడులో ఈ మాటకు బరువెక్కువ. మగపిల్లవాడికి అది పరిహాసం. ఆడపిల్లకు ఇంట్లోనూ వినబడగల మాట. వరంగల్ బడిలో పంతులు 'సారు' అవుతాడు, పెళ్లి 'లగ్గం' అవుతుంది. మాట చేసే పని మారదు. అభ్యసనంలో లింగభేదాలను ముందే ఉన్న సహజగుణాలుగా భావించి ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడంలోని లోపాన్ని ఈ చిన్న కవిత పట్టిస్తుంది. భేదం కొంతవరకు ఉపాధ్యాయుని నోటనే తయారవుతోంది.

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్ల కోర్సయినప్పుడు 'జెండర్, పాఠశాల, సమాజం' అర్ధపత్రంగా పాఠ్యప్రణాళికలో చేరింది. చేరడం మేలే. దానిని విద్యాశాస్త్రానికి వదిలి తెలుగు శాఖలు తప్పుకోవడం మాత్రం సమంజసం కాదు. హనుమకొండ, వరంగల్ కళాశాలల నుంచి బోధనాభ్యాసానికి వెళ్లే తెలుగు ఛాత్రోపాధ్యాయుడు వ్యాకరణంలో మహతీవాచకం చెప్పక తప్పదు. 'వాడు వచ్చాడు' వేరు. 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది' ఒకే క్రియారూపం. ఎందుకని ఏడో తరగతి పిల్ల అడిగితే, సూత్రం అప్పజెప్పించడం జవాబు కాదు. బహువచనంలో స్త్రీపురుషులిద్దరికీ 'వచ్చారు' అనే ఒకే రూపం ఉందని, భాషలోని వర్గీకరణ మనుషుల విలువకు కొలత కాదని చెప్పగలగాలి. పాఠ్యపథకంలో ఉద్దేశాలు, కృత్యాలు, మూల్యాంకనం ఉంటాయి. పిల్ల తడబడినప్పుడు ఏమనాలో సాధారణంగా ఉండదు.

ఈ పఠనానికి కవితలోనే ఒక హద్దు ఉంది. పాఠం రాని మగపిల్లవాడు ఏ మాట పడతాడో అందులో లేదు. పల్లె బడుల్లో వాడిని దెప్పే మాట తరచు కులవృత్తిని పట్టుకొస్తుంది: గొర్లు కాసుకో, చెప్పులు కుట్టుకో. ఆడపిల్లకు రెండు దెప్పులూ తగలవచ్చు. కవితలోని 'మేము' ఈ తేడాను పట్టించుకోదు. గోగు శ్యామల, జూపాక సుభద్రల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లరేగటిసాల్లు' (2006) ఆ 'మేము'ను నిలదీసిన తరానిది. శిక్షణ తరగతిలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివిస్తే, ఏ పిల్ల మీద ఏ మాట పడుతోందో ఛాత్రోపాధ్యాయులే తమ బోధనాభ్యాస బడుల్లో విని రాసుకోగలరు.