అల్మరాలో ఒక్క చోటు, కేటలాగులో నాలుగు దారులు

ముళ్లపూడి వెంకట రమణ ఆత్మకథ ‘కోతి కొమ్మచ్చి’ని గ్రంథాలయంలో ఏ అల్మరాలో పెట్టాలి? ‘బుడుగు’ రాసినాయన కాబట్టి సాహిత్యంలో ఉండాలంటారు కథలు చదివేవాళ్లు. ‘ముత్యాల ముగ్గు’ రాసినాయన కాబట్టి సినిమాల్లో ఉండాలంటారు ఫిల్మ్‌నగర్ వాళ్లు. ఇద్దరి మాటా నిజమే. కానీ పుస్తకానికి ఉండేది ఒక్క వెన్ను, దానిమీద అతికేది ఒక్క చీటీ.

ఆ చీటీ మీద వేసే అంకె ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు వేసేది కాదు. మెల్విల్ డ్యూయీ 1876లో వేసిన పద్ధతిలో 800 సాహిత్యం. లోపలికి వెళ్తే 894.8 దగ్గర ద్రావిడ భాషలు, 894.827 దగ్గర మనం. దాని చివర 1 చేర్చితే తెలుగు కవిత్వం, 2 చేర్చితే నాటకం, 3 చేర్చితే కథలూ నవలలూ, 09 చేర్చితే సాహిత్య చరిత్ర. భాష గురించిన పుస్తకమైతే ముందున్న 8 పోయి 4 వస్తుంది, 494.827. తోక మాత్రం మారదు. ఒకసారి ఈ కిటుకు పట్టుబడితే అంకెలు కంఠతా పట్టాల్సిన పని లేదు, కూర్చుకుంటూ పోవచ్చు. సినిమా 791.43. సినిమా మనిషి జీవితమైతే 791.43092. ఇప్పుడు రమణగారి పుస్తకం వెన్నుమీద ఏది వేయాలో చేతిలో పుస్తకం పట్టుకున్న మనిషి తేల్చాలి. నన్నడిగితే సాహిత్యానికే ఓటు. కబుర్లు సినిమావైనా వాక్యం కథకుడిది. ఇంకొకరు 791 వేస్తే తప్పనను. కారణం చెప్పగలగాలి, అంతే.

ఈ పని నేర్పే బడి హైదరాబాద్‌లో, ఫిల్మ్‌నగర్ ఉన్న జూబ్లీహిల్స్‌లోనే ఉంది. రోడ్ నంబర్ 46లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టింది, దేశంలో అలాంటివాటిలో మొదటిది, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. ఉద్యోగం మానకుండా, ఊరు విడవకుండా ఇక్కడ బి.ఎల్.ఐ.ఎస్సీ., ఆపైన ఎం.ఎల్.ఐ.ఎస్సీ. చదువుకోవచ్చు. సినిమా పాటలతో ఇంటింటికీ తెలిసిన సినారె ఈ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. ఫిల్మ్‌నగర్‌కూ ఈ బడికీ చుట్టరికం పాతదే.

లైబ్రరీ సైన్సా, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడానికీ ఒక డిగ్రీయా అని నవ్వేవాళ్లకు కేటలాగు ప్రాక్టికల్ ఒక్కటి చూపిస్తే చాలు. పన్నెండున్నర సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు ఉన్న అట్టముక్క. ఎడమవైపు రెండు నిలువు గీతలు. మూలన కాల్ నంబర్, అంటే వెన్నుమీద వేసే ఆ అంకె. మొదటి గీత దగ్గర రచయిత పేరు, రెండో గీత దగ్గర పుస్తకం పేరు. ఆ తర్వాత ముద్రణ, ఊరు, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీలు, ఒక్కోదాని మధ్య నిర్ణయించిన విరామ చిహ్నం. చుక్క పెట్టాల్సిన చోట కామా పెడితే మార్కు పోతుంది. చాదస్తంలా కనిపిస్తుంది గానీ, తెలుగు రానివాడు కూడా ఆ కార్డు చూసి ఏది పేరో ఏది ఊరో చెప్పగలడంటే ఆ చుక్కల చలవే. అడుగున ట్రేసింగ్. ఈ పుస్తకానికి ఇంకా ఏయే పేర్ల కింద కార్డులు రాశామో ఆ జాబితా. అసలు పనితనమంతా ఇక్కడుంది. రమణగారి పుస్తకం అల్మరాలో సాహిత్యం పక్కన నిలబడ్డా, కేటలాగులో రచయిత పేరు కింద, పుస్తకం పేరు కింద, తెలుగు సినిమా కింద, ఆత్మకథల కింద నాలుగు చోట్ల దొరుకుతుంది. మొదట్లో గొడవపడ్డ ఇద్దరూ అదే పుస్తకం దగ్గరికి చేరతారు. అట్టముక్కలు పోయి కంప్యూటర్లు వచ్చినా పని అదే. మొదటి గీత దగ్గరిది ‘మార్క్’ (MARC) అనే కంప్యూటర్ కేటలాగు పద్ధతిలో 100వ గడిలోకి, రెండో గీత దగ్గరిది 245లోకి, విషయం 650లోకి వెళ్లాయి.

మన పేర్ల దగ్గర ఈ పని మరీ సున్నితం. ఇంటిపేరు చివర ఉంటుందనుకునే దేశాల లెక్కన పోతే ముళ్లపూడి వెంకట రమణ ‘రమణ’ కింద పడి ఏ వందమంది రమణల్లోనో తప్పిపోతాడు. సినిమా కవులు ఇంకో చిక్కు. భాగవతుల సదాశివ శంకర శాస్త్రి అని వెతికేవాడికి ‘ఆరుద్ర చూడుము’ అని ఒక కార్డు కావాలి. కిళాంబి వెంకట నరసింహాచార్యులు దగ్గర ‘ఆత్రేయ చూడుము’ అని ఇంకొకటి. ఈ ‘చూడుము’ కార్డు రాయని గ్రంథాలయంలో పుస్తకం ఉన్నా లేనట్టే.

చదువుగా ఇది మనకు కొత్తదేం కాదు. డ్యూయీ 1887లో న్యూయార్క్‌లోని కొలంబియాలో మొదటి బడి పెట్టాడు. 1911లో బరోడా మహారాజు పిలిపించిన అమెరికన్ లైబ్రేరియన్ బోర్డెన్ అక్కడ శిక్షణ మొదలుపెట్టాడు. 1924లో గణితం చెప్పుకుంటున్న రంగనాథన్‌ను మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్‌ను చేసింది, ఆయన లండన్ వెళ్లి నేర్చుకొచ్చాడు. మనవైపు 1914లోనే విజయవాడలో అయ్యంకి వెంకట రమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935 నాకు ఇష్టమైన సంవత్సరం. ఆ ఏడు పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల్లో పడవమీద గ్రంథాలయం నడిపించారు, అదే ఏడు ఆంధ్ర విశ్వవిద్యాలయం డిప్లొమా మొదలుపెట్టింది. ఉస్మానియాలో ఈ చదువు 1959లో వచ్చింది.

ఇంత బిగువుగా కట్టిన చదువుకు మన వ్యవస్థ ఇచ్చే విలువ మాత్రం కిందినుంచి పైకి తగ్గుతూ పోతుంది. శాఖా గ్రంథాలయంలో కూర్చునే గ్రంథపాలకుడికి లైబ్రరీ సైన్సు సర్టిఫికెట్ కావాలి. జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షుడిది ప్రభుత్వం నామినేట్ చేసే పదవి, దానికి 894 అంటే ఏమిటో తెలియనక్కర్లేదు. రాష్ట్రం మొత్తానికి డైరెక్టరు కుర్చీని కూడా తరచూ వేరే శాఖ అధికారి అదనపు బాధ్యతగా చూస్తుంటాడు. ఫిల్మ్‌నగర్‌లో లైట్‌మన్‌కు కూడా యూనియన్ కార్డు అడుగుతారు కదా!

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం దీన్ని తలకిందులుగా చేసింది. అక్కడ ధ్రువపత్రం ఉండాల్సింది గ్రంథాలయాన్ని నడిపే డైరెక్టరుకే. మూడు వేలలోపు జనానికి సేవచేసే గ్రంథాలయానికి మూడో గ్రేడు, ఆరు వేలలోపైతే రెండోది, ఆపైన మొదటి గ్రేడు. ఒకసారి పుచ్చుకుని దాచుకునేది కాదు, అయిదేళ్లకోసారి వంద గంటల కొత్త చదువు చూపించి పొడిగించుకోవాలి. పల్లె గ్రంథాలయానికి తక్కువ చదువు చాలన్నారే గానీ, అసలు చదువే వద్దనలేదు. అందులోని వివేకం నాకు నచ్చింది.

డైరెక్టరుకు కార్డు రాయడం వచ్చి ఏం లాభం అంటారా? అతని ముందుకొచ్చే కాగితాలు వేరన్న మాట నిజమే. మన దగ్గర 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్ను రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా సంస్థకు రావాలి. అది వసూలు చేసే పురపాలికల నుంచి ఇవతలికి రప్పించుకోవడమే సగం ఉద్యోగం. కానీ వచ్చిన డబ్బుతో ఏ పుస్తకాలు కొనాలి, ఏ శాఖలో 894.8273 అల్మరా పొంగిపొర్లుతూ సైన్సు పుస్తకాల 500 అల్మరా ఖాళీగా ఉంది, స్టాక్ వెరిఫికేషన్‌లో తేలిన లోటు దొంగతనమా, తప్పు చోట పెట్టినదా అన్నవి ఆ చదువు చదివిన కన్నుకే ఆనతాయి. ఆ కన్ను ఉన్నవాళ్లు రోడ్ నంబర్ 46 నుంచి పట్టాలు పుచ్చుకుని బయటికి వస్తూనే ఉన్నారు, పోటీ పరీక్షలకు చదువుకోవడానికి తిరిగి గ్రంథాలయాల్లోనే కుర్చీ వెతుక్కుంటున్నారు.